పికప్ వాహనంలో కాడెడ్ల రవాణా: చోటు, బరువు, వేగం

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల పత్తి రైతు సంతలో కొన్న కాడెడ్లను నేడు తరచుగా చిన్న పికప్‌లోనే ఇంటికి చేరుస్తున్నాడు. దారిలో ఎద్దు కాలు విరిగితే ఆ ఏటి గుంటక పని ఆగినట్లే. అందుచేత ఇది పశువైద్యులకే పరిమితమైన విషయం కాదు.

కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 125-ఇ ప్రకారం ఆవుకు, గేదెకు తలా 2 చదరపు మీటర్లు, గుర్రానికి 2.25 చదరపు మీటర్ల చోటు ఉండాలి. ఎద్దుకూ ఆవు లెక్కనే తీసుకొందాం. ఎనిమిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు గల తొట్టి విస్తీర్ణం సుమారు 4.1 చదరపు మీటర్లు. అనగా ఒక జతకే సరి. మూడవ పశువుకు తావు లేదు.

బరువు లెక్క వేరు. ధాన్యపు బస్తా కదలదు. నాలుగు వందల కిలోల ఎద్దు మాత్రం మలుపులో అడుగు మారుస్తుంది. దాని గరిమనాభి తొట్టి పక్క తలుపులకన్నా ఎత్తున ఉన్నందున బండి మొత్తం ఒరుగుతుంది. వేగాన్ని మలుపుకు ముందే తగ్గించాలి. మలుపులో హఠాత్తుగా బ్రేకు వేయరాదు. ఎడ్లను వెనుక ఇరుసుకు ముందుగా, పక్కపక్కన నిలపాలి. పలుపును ముకుతాడుకు కట్టరాదు. ఇనుప రేకుపై ఇసుక, దానిపై వరిగడ్డి పరచాలి. నేను చూసిన బండ్లలో ఈపాటి శ్రద్ధ కూడా అరుదు. ప్రయాణానికి పశువు తగినదని పశువైద్యుని ధ్రువపత్రం 1978 నాటి పశురవాణా నియమాల ప్రకారం తప్పనిసరి.

దింపేటప్పుడు తొట్టిని ఎత్తైన గట్టుకు ఆనించి, ఆ తరువాతనే వెనుక తలుపు తీయాలి.