అద్దాల మేడల నడుమ మట్టి గోడల ఊరు

శనివారం సాయంత్రం. మాదాపూర్ రోడ్డు మీద కార్లు చీమలబారులా కదులుతున్నాయి. కళ్లెత్తి చూస్తే ఒకదాన్ని మించి మరొకటి... అద్దాల మేడలు! అక్కడికి కూతవేటు దూరంలో మాత్రం దృశ్యం వేరు. మట్టి గోడల ఇళ్లు, ఎడ్లబండి, కుమ్మరి చక్రం, చెట్ల నీడన వరుసగా అంగళ్లు. అదే శిల్పారామం.

హైటెక్ సిటీ వచ్చాక దాని పక్కన సరదాగా ఓ పల్లెటూరు కట్టారనుకుంటారు చాలామంది. నిజానికి ఊరే ముందొచ్చింది. శిల్పారామం మొదలైంది 1992లో, సుమారు 65 ఎకరాల్లో. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. అంటే, పల్లె చుట్టూ నగరం పెరిగిందన్నమాట!

సెలవు రోజు పిల్లాపాపలతో వచ్చి, బోటెక్కి, మొక్కజొన్న పొత్తు తిని, అంగళ్లవైపు నడుస్తాం. అక్కడ ఎవరి నోట విన్నా ఒకటే ప్రశ్న... 'చివరికి ఎంతకిస్తావ్?' పక్కనున్న మాల్‌లో చొక్కా మీద రాసున్న ధరకు మారుమాట్లాడకుండా కార్డు తీసిచ్చే మనమే ఇక్కడ యాభై రూపాయల దగ్గర పట్టుబడతాం. బేరమాడటం తప్పేం కాదు. కానీ ఆ వస్తువు వెనకున్న పనేమిటో తెలిస్తే బేరం తీరే మారిపోతుంది. అందుకే ఒక్కసారి ఆ ఊళ్లదాకా వెళ్లొద్దాం రండి.

తొమ్మిదివేల సార్లు...

హైదరాబాద్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు వెళితే పోచంపల్లి. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఇక్కడి చీరకు రంగు నేతకు ముందే పడుతుంది. నూలును లెక్కగా కట్టలు కట్టి, రంగు తగలకూడని చోట గట్టిగా ముడులు బిగిస్తారు. రంగులో ముంచుతారు. ఆరాక ముడులు విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. ఆ దారాలు మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కుదిరినప్పుడే డిజైను కనిపిస్తుంది. లెక్క కాస్త తప్పినా పువ్వు పువ్వులా ఉండదు.

వీటన్నిటికంటే ముందు 'ఆసు' పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న కొయ్యమేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూఇటూ తిప్పే పని అది. ఒక్క చీరకు దాదాపు తొమ్మిదివేల సార్లు చెయ్యి ఆడాలి! చాలా ఇళ్లలో ఆ పని ఆడవాళ్లదే. రోజంతా ఆసు పోసి భుజాల నొప్పితో అల్లాడే తల్లి లక్ష్మిని చూడలేకపోయారు చింతకింది మల్లేశం. బడి మధ్యలోనే మానేసిన ఆయన, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగానూ వచ్చింది. గంటలకొద్దీ సాగే పని ఆ యంత్రంతో గంటన్నరకు తగ్గింది.

సినిమాకు ముందు బొమ్మల కథ

సిద్దిపేట జిల్లా చేర్యాలది ఇంకో కథ. సినిమాలు, టీవీలు లేని రోజుల్లో ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పేవారు కథకులు. ముదిరాజులకు కాకి పడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు... ఇలా ఒక్కో కులానికి ఒక్కో బృందం. వాళ్ల చేతుల్లో పొడవాటి బొమ్మల పటం ఉండేది. పటం విప్పుకుంటూ, బొమ్మ చూపిస్తూ, పాడుతూ కథ నడిపేవారు. ఆ పటాలు గీసేది నకాషీ కుటుంబాలు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి ఆరబెట్టి, ఎర్రటి రంగు మీద బొమ్మలు వేస్తారు.

తెర మీద బొమ్మలు కదలడం మొదలయ్యాక పటం కథలు వినేవాళ్లు తగ్గారు. పటాలు వేయించుకునేవాళ్లూ తగ్గారు. మరి కళ ఎలా నిలిచింది? పటం చిన్నదైంది! గోడకు తగిలించే ఫ్రేములోకి ఒదిగింది. రంపపు పొట్టు, చింతగింజల పిండితో చేసే మాస్కులుగా, తాళంచెవుల గుత్తులుగా మారింది. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో హాలు గోడమీద నవ్వే ఎర్రటి ముఖం... ఒకప్పుడు రాత్రంతా సాగిన కథలో ఓ ముక్కే.

కొయ్యకు ప్రాణం

బొమ్మల కొలువనగానే గుర్తొచ్చేది కొండపల్లి. దశావతారాలు, ఏనుగు అంబారీ, కల్లు గీసే మనిషి... అన్నిటికీ ఆధారం తెల్ల పొణికి చెక్క. చాలా తేలిగ్గా ఉంటుంది. చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల ముద్దతో అతికించి, నునుపు చేసి రంగులు వేస్తారు. చెట్టు దొరక్కపోతే బొమ్మ లేదు. అందుకే ఆ ఊరి బాగు చుట్టూ ఉన్న అడవితో ముడిపడి ఉంది.

వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, లక్కతో రంగులద్దుతారు. ఆకులు, గింజలు, వేళ్ల నుంచి తీసిన సహజ రంగులను ఇక్కడ తిరిగి నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కొలువుదీరింది ఈ బొమ్మలే. కనిపించినదల్లా నోట్లో పెట్టుకునే పసివాళ్ల చేతికి ఇచ్చే బొమ్మ విషయంలో రంగు దేంతో చేశారన్నది చిన్న సంగతా?

అసలేదో తెలిసేదెలా?

మేళా ఎక్కడ జరిగినా చేతిపని పక్కనే మరపనీ చేరుతుంది. ఇక్కత్ డిజైనును మిల్లు బట్టమీద అచ్చేసి 'పోచంపల్లి' పేరుతో అమ్మేవారికి కొదవలేదు. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చినా ఈ బెడద పోలేదు. మరి మనం చేయగలిగిందేమిటి? బట్ట తిరగేసి చూడండి. అసలు ఇక్కత్‌కు లోపలివైపూ పైవైపూ రంగు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిందైతే వెనక వెలవెలబోతుంది. డిజైను అంచులు కత్తిరించినట్టు కాకుండా కొంచెం చెదిరినట్టు ఉంటే... అది లోపం కాదు, చేతి ముడుల గుర్తు. హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందేమో కూడా చూడండి.

ధర అడిగే ముందు మరో రెండు ప్రశ్నలు వేయండి. 'ఇది ఏ ఊళ్లో చేశారు? ఎన్ని రోజులు పట్టింది?' చేసిన మనిషే కూర్చుని ఉంటే ముఖం వెలిగిపోతుంది. ఎక్కడో కొనుక్కొచ్చి అమ్మేవారైతే జవాబు తడబడుతుంది. బేరమాడాలో వద్దో అప్పుడు మీకే తెలుస్తుంది.

ఎందుకంటే అసలు పోటీ అంగడికీ మాల్‌కీ మధ్య కాదు. చేతిపని చేసే ఇంట్లో పుట్టిన పిల్లాడు కంప్యూటర్ చదువు చదివి ఇదే అద్దాల మేడలో ఉద్యోగం వెతుక్కుంటే తప్పేముంది? నెల తిరిగేసరికి జీతం వస్తుంది, నడుం నొప్పి ఉండదు. మగ్గం మీద కూర్చుంటే అదే స్థాయిలో ఇల్లు గడుస్తుందా... ఆ ఇంటి భోజనాల దగ్గర జరిగే చర్చ ఇది. అందులో మన బేరానికీ ఓ మాట ఉంటుంది.

వచ్చే ఆదివారం శిల్పారామం వెళితే పిల్లల్ని కాసేపు కుమ్మరి చక్రం దగ్గర నిలబెట్టండి. మట్టిముద్ద కుండగా మారడం చూడనివ్వండి. ఆ తర్వాత అంగడికి తీసుకెళ్లి ఒక్క వస్తువు వాళ్లనే ఎంచుకోమనండి. ధర సంగతి తర్వాత. ముందు... ఎన్ని రోజులు పట్టిందో అడగమనండి!