శ్రీలంక ట్రిప్: ఏ నెల అని కాదు, ఏ వైపు అని అడగండి

ఈ ఎపిసోడ్‌లో శ్రీలంక వాతావరణం గురించి మాట్లాడుకుందాం. ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే ప్రశ్న. "అన్నా, శ్రీలంక వెళ్ళడానికి బెస్ట్ మంత్ ఏది?" ఫోన్లో వెతికితే డిసెంబర్ నుంచి మార్చి అని వస్తుంది. అది తప్పేం కాదు, కాకపోతే సగం సమాధానం. ఆ సగం సమాధానం నమ్ముకుని మా కొలీగ్ వాళ్ళు డిసెంబర్ చివర్లో ట్రింకోమలీలో బీచ్ పక్కన రూమ్ తీసుకున్నారు. నాలుగు రోజులూ కిటికీలోంచి వాన చూసి తిరిగొచ్చారు. అదే నాలుగు రోజులు మిరిస్సలో ఎండ కాసింది. రెండూ ఒకే దేశం, ఒకే వారం.

ఇది ఎలా జరుగుతుందో అర్థమైతే ఇక మీకు ఏ బ్లాగూ, ఏ ఏజెంటూ అక్కర్లేదు. అందుకే ముందు ఫోన్లో మ్యాప్ తెరవండి.

శ్రీలంక మొత్తం సుమారు 65,600 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. మ్యాప్‌లో మధ్యకి, కొంచెం దక్షిణం వైపుకి జూమ్ చేయండి. ముదురు ఆకుపచ్చగా కొండలు కనిపిస్తాయి కదా, మొత్తం కథ అక్కడే ఉంది. అందులో ఎత్తైన శిఖరం పిదురుతలాగల, 2,524 మీటర్లు. నువర ఎలియ ఊరే దాదాపు 1,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చిన్న ద్వీపం మధ్యలో ఇంత ఎత్తు గోడ కట్టినట్టు ఉంటే గాలి ఏం చేస్తుంది?

మే నుంచి సెప్టెంబర్ దాకా గాలి నైరుతి నుంచి వస్తుంది. అవే మన నైరుతి ఋతుపవనాలు. కేరళని తాకడానికి ఓ వారం ముందు మామూలుగా శ్రీలంకని తాకుతాయి. సముద్రం మీద తేమ పట్టుకొచ్చిన గాలి ఈ కొండలు ఎక్కుతూ చల్లబడి, ఆ నీళ్ళన్నీ పడమటి వైపే కురిపించేస్తుంది. గోడ దాటి తూర్పుకి దిగేసరికి అందులో తేమ ఉండదు, వేడిగా, పొడిగా వీస్తుంది. ఆ గాలిని అక్కడి తమిళులు కచ్చాన్ అంటారు. అనంతపురం వాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. పశ్చిమ కనుమలు నైరుతి వానని అటే ఆపేస్తే రాయలసీమకి ఏం మిగులుతుందో మీకు తెలుసు. శ్రీలంక తూర్పు తీరానిది కూడా ఆ ఐదు నెలలు అదే పరిస్థితి. కాకపోతే టూరిస్టుకి అది వరం.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సీన్ రివర్స్. గాలి ఈశాన్యం నుంచి, బంగాళాఖాతం మీదుగా వస్తుంది. నెల్లూరు, తిరుపతి వాళ్ళకి చలికాలం మొదట్లో పడే వానలు ఈ గాలి పుణ్యమే. అప్పుడు తడిసేది తూర్పు, ఉత్తరం. పడమర, దక్షిణం పొడిగా ఉంటాయి. ఫోన్లో వచ్చే "డిసెంబర్ నుంచి మార్చి" అన్నది నిజానికి ఆ వైపు బీచ్‌ల గురించి.

ఎంత తేడా ఉంటుందో అంకెల్లో చూడండి. కొలంబోలో మే నెల సగటు వాన దాదాపు 390 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదంతా పడే వానలో ఇంచుమించు సగం, ఒక్క నెలలో. జూన్‌లో ట్రింకోమలీలో పడేది 30 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. రెండు ఊళ్ళ మధ్య రోడ్డు దూరం సుమారు 260 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళినంత.

ఈ గోడని కళ్ళతో చూడాలంటే క్యాండీ నుంచి ఎల్ల వెళ్ళే రైలెక్కండి. రీల్స్‌లో అందరూ తలుపు దగ్గర వేలాడుతూ కనిపించే రైలు అదే (వేలాడకండి, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి). జులైలో వెళ్తే హట్టన్, నాను ఓయ దాకా మబ్బు, జల్లు, తడిసిన టీ తోటలు. పట్టిపొల స్టేషన్ దాటాక ఒక సొరంగం వస్తుంది. దానికి ఇటు పొగమంచు ఉంటే, అటు ఎండ ఉండటం మామూలే. ఎందుకంటే అక్కడ మీరు కొండ వెన్ను దాటి అవతలి వాలులోకి దిగుతున్నారు. నువర ఎలియ, ఎల్ల రెండూ "హిల్ స్టేషన్లే" కదా అని ఒకే వాతావరణం అనుకుంటారు చాలామంది. కాదు. నువర ఎలియలో జూన్, జులై తడి నెలలు. ఎల్ల వైపు అవి కాస్త పొడి నెలలు, అక్కడ వాన జోరు అక్టోబర్ తర్వాత.

ఇక రెండు ఋతుపవనాల మధ్య గ్యాప్‌లు ఉంటాయి. ఒకటి మార్చి, ఏప్రిల్. రెండోది అక్టోబర్, నవంబర్. అప్పుడు గాలికి స్థిరమైన దిక్కు ఉండదు. పొద్దున ఎండ కాసి, నేల వేడెక్కి, మధ్యాహ్నం మూడు నాలుగింటికి ఉరుములతో కుమ్మేస్తుంది. ఈ నెలల్లో వెళ్తే ఒక్క రూల్ చాలు. బయట చూసేవన్నీ పొద్దున్నే చూసేయండి. సిగిరియ కొండ ఏడింటికి ఎక్కేయండి. హార్టన్ ప్లెయిన్స్‌లో వరల్డ్స్ ఎండ్ అయితే ఏ కాలంలోనైనా తొమ్మిది దాటాక మబ్బు కమ్మేయొచ్చు. అందుకే చీకటితోనే బయల్దేరతారు.

కానీ రెండు గ్యాప్‌లూ ఒకటి కాదు. మార్చి, ఏప్రిల్ తేలిక. అక్టోబర్, నవంబర్ మాత్రం మొత్తం ద్వీపం తడిసే కాలం. పైగా బంగాళాఖాతంలో తుఫాన్ల సీజన్. ఇక్కడ కాస్త సీరియస్‌గా వినండి.

2025 నవంబర్ చివర్లో దిత్వా తుఫాను శ్రీలంకని తాకింది. వందలమంది చనిపోయారు. ఎక్కువ నష్టం జరిగింది తీరంలో కాదు, మధ్య కొండల్లో, కొండచరియలు విరిగిపడి. 2014 అక్టోబర్‌లో కొస్లంద దగ్గర మీరియబెద్ద టీ ఎస్టేట్‌లో కూలీల ఇళ్ళు మట్టి కింద కప్పుకుపోయాయి. 2016 మేలో అరనాయకలో, 2017 మేలో రత్నపుర, కలుతర జిల్లాల్లో కూడా ఇలాంటివే. నెలలు గమనించారా? ఋతుపవనాలు మొదలయ్యే మే, లేదంటే అక్టోబర్, నవంబర్.

అందుకని ఆ నెలల్లో కొండలకి వెళ్ళే ముందు ఒక పని చేయండి. అక్కడ జాతీయ భవన పరిశోధన సంస్థ అని ఉంది, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎన్‌బీఆర్ఓ. వాళ్ళు కొండచరియల హెచ్చరికలు మూడు రంగుల్లో ఇస్తారు: పసుపు అంటే గమనిస్తూ ఉండండి, అంబర్ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే ఖాళీ చేయండి. మీరు వెళ్ళే జిల్లాకి అంబర్ ఉందంటే రూమ్ డబ్బులు పోయినా సరే, ఆ రోజు కొండెక్కొద్దు. విపత్తు సాయానికి 117, అంబులెన్స్‌కి 1990 నంబర్లు ఫోన్లో సేవ్ చేసుకోండి. ఈ 1990 సర్వీసుకి మన దగ్గర లింక్ ఉంది. 2016లో భారతదేశం ఇచ్చిన గ్రాంటుతో మొదలైంది. మొదట్లో నడిపింది హైదరాబాద్‌లో 108ని మొదలుపెట్టిన ఈఎంఆర్ఐ వాళ్ళే.

రెండో ప్రమాదం సముద్రం. దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. జూన్‌లో ఉనవటున వెళ్తే వాన పడకపోవచ్చు, చక్కగా ఎండ కూడా ఉండొచ్చు. కానీ వెదర్ యాప్‌లో సూర్యుడి బొమ్మ అలల గురించి చెప్పదు. ఆ కాలంలో గాలి నేరుగా ఆ తీరం మీదకే వీస్తుంది కాబట్టి సముద్రం మొరటుగా ఉంటుంది. అలలు తెచ్చిన నీళ్ళు వెనక్కి పోవడానికి ఒక సన్నటి దారి చేసుకుంటాయి. అదే రిప్ కరెంట్. పైనుంచి చూస్తే ఆ చోట అలలు తక్కువగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. "ఇక్కడ సేఫ్‌గా ఉంది రా" అని సరిగ్గా అక్కడే దిగుతారు. మన ఆర్కే బీచ్‌లో, సూర్యలంకలో కుర్రాళ్ళు కొట్టుకుపోయారని వినే వార్తల్లో చాలావాటి వెనక ఉండేది ఇదే. ఎప్పుడైనా అందులో చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకండి, అలిసిపోతారు. తేలుతూ ఉండండి, చెయ్యెత్తి పిలవండి, ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. ఎర్రజెండా ఉంటే మోకాలి లోతు కూడా వద్దు. లోకల్ జాలర్లు పడవలు ఒడ్డుకి లాగి పెట్టేశారంటే జెండా లేకపోయినా అదే ఎర్రజెండా.

సరే, ఇప్పుడు మన సెలవుల సంగతికి వద్దాం.

సంక్రాంతికి వెళ్తున్నారా? హాయిగా పడమర, దక్షిణం పెట్టుకోండి. బెంతొట, గాల్, మిరిస్స. మిరిస్సలో తిమింగలాలు చూసే సీజన్ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. శ్రీపాద కొండ యాత్ర కూడా డిసెంబర్ పౌర్ణమి నుంచి మే వెసాక్ పౌర్ణమి దాకా, కాబట్టి రాత్రంతా మెట్ల దారిలో లైట్లు, టీ కొట్లు ఉంటాయి. చలి మాత్రం గట్టిగా ఉంటుంది, స్వెటర్ లేకుండా వెళ్ళకండి. తూర్పు తీరం ఈ ట్రిప్‌లో వద్దు.

ఎండాకాలం సెలవుల్లో అయితే ఏప్రిల్ మొదటి సగం బాగుంటుంది. కాకపోతే 13, 14 తేదీల్లో సింహళ, తమిళ కొత్త సంవత్సరం. కొట్లు చాలా మూసేస్తారు, బస్సులు కిక్కిరిసిపోతాయి. మే రెండో సగం నుంచి తూర్పుకి మారండి.

నా ఓటు మాత్రం ఆగస్టుకి. ఉద్యోగం చేసేవాళ్ళకి లాంగ్ వీకెండ్‌లు ఎలాగూ ఉంటాయి. ట్రింకోమలీ, నిలావెలి, పాసికుడా ప్రశాంతంగా ఉంటాయి. సర్ఫింగ్ అంటే ఆరుగమ్ బే. మిన్నేరియ చెరువు ఎండుతూ ఉంటే ఆ అంచున మొలిచే పచ్చగడ్డి కోసం ఏనుగులు వందల్లో చేరతాయి. మూడో శతాబ్దంలో మహాసేన రాజు తవ్వించిన చెరువు అది. క్యాండీ ఎసల పెరహెర కూడా ఈ కాలంలోనే, జులై, ఆగస్టుల్లో. పౌర్ణమిని బట్టి తేదీలు మారతాయి, ముందే చూసుకోండి. యాల పార్కు ప్లాన్ సెప్టెంబర్‌కి పెట్టుకోవద్దు. కరువు వల్ల సాధారణంగా అప్పుడు కొన్ని వారాలు ముఖ్యమైన భాగం మూసేస్తారు.

దసరా, దీపావళి? నిజం చెప్పాలంటే నేను వద్దంటాను. తప్పదంటే అనురాధపుర, పొలొన్నరువ, సిగిరియ లాంటివి పెట్టుకుని, క్యాన్సిల్ చేస్తే డబ్బులు తిరిగొచ్చే రూములే తీసుకోండి. నాగపట్నం నుంచి కాంకేసన్‌తురైకి ఓడ ఉంది కదా అని దాని మీద ఆధారపడకండి. 2023 అక్టోబర్ 14న మొదలై వారం తిరక్కుండానే వాతావరణం వల్ల ఆగింది.

బుక్ చేసే ముందు మ్యాప్ మీద ఒక్కసారి వేలు పెట్టి చూడండి. మీ రూములన్నీ గోడకి ఒకే వైపున ఉన్నాయా, రెండు వైపులా ఉన్నాయా? ఐదు రోజుల ట్రిప్ అయితే ఒకే వైపు బీచ్, పైన కొండ, అంతే చాలు. పది రోజులుంటే రెండు తీరాలూ కవర్ చేద్దాం అనిపిస్తుంది. అప్పుడు మార్చి చివరో ఏప్రిల్ మొదట్లోనో చూసుకోండి, ఆ రెండు మూడు వారాలే రెండు వైపులా సముద్రం కాస్త మాట వింటుంది.

మీ డేట్లు, ఊళ్ళ పేర్లు పంపించండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఓ మూడు ప్లాన్లు తీసుకుని మ్యాప్ మీద పెట్టి చూద్దాం. ఉంటాను.