తొమ్మిదో గ్రేడ్ లెక్కలోకి రాదని ఎవరు చెప్పారు?

ఎనిమిదో గ్రేడ్ ముగించిన పిల్లలున్న అమెరికా తెలుగు ఇళ్ళలో వేసవి రాగానే ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్ తిరుగుతుంది. గొంతు మారుతుంది గానీ మాట మారదు. "వదినా, తొమ్మిదో గ్రేడ్ మార్కులు కాలేజీ వాళ్ళు చూడరట. మా తోడికోడలి కొడుక్కి అలాగే అయింది, యూసీలో సీటొచ్చింది. ఈ ఒక్క ఏడాదీ వాణ్ణి వదిలెయ్యండి. టెన్త్ నుంచి పట్టుకోవచ్చు."

చెప్పేవాళ్ళకు చెడు ఉద్దేశం ఉండదు. కానీ కాలిఫోర్నియాలో పుట్టిన ఈ మాట టెక్సస్‌లోని ఫ్రిస్కోకీ న్యూజెర్సీలోని ఎడిసన్‌కీ వెళ్ళి అక్కడి పిల్లల చదువును పాడుచేస్తోంది. తల్లిదండ్రులకన్నా ముందు నమ్మేది పిల్లలు. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి "ఈ ఏడాది లెక్కలేదు" అని పెద్దలే చెబితే ఇక అడ్డేముంది? అక్టోబరు నాటికి ఇవ్వని అసైన్‌మెంట్లు పేరుకుంటాయి, జనవరిలో సెమిస్టర్ గ్రేడ్లలో 'సి'లు కనిపిస్తాయి. పదకొండో గ్రేడ్‌లో ట్రాన్‌స్క్రిప్ట్ తీసి చూసుకున్నప్పుడు ఇంట్లో కేకలు మొదలవుతాయి. అప్పుడు తిట్లు తినేది ఆ మాట నమ్మిన పిల్లవాడే.

అసలు ఈ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లు, కాల్ స్టేట్ క్యాంపస్‌లు ప్రవేశానికి జీపీఏ (గ్రేడ్ల సగటు) కట్టేటప్పుడు తొమ్మిదో గ్రేడ్ తర్వాతి వేసవి నుంచి పదకొండో గ్రేడ్ తర్వాతి వేసవి దాకా చదివిన కోర్సుల గ్రేడ్లనే కలుపుతాయి. అంతవరకు నిజం. వాయిస్ మెసేజ్ అక్కడితో ఆగిపోతుంది, నిబంధన ఆగదు. యూసీకి దరఖాస్తు పెట్టాలంటే ఎ-జి అనే జాబితాలో 15 ఏడాది కోర్సులు పూర్తిచేయాలి. అందులో ఇంగ్లిష్ నాలుగేళ్ళు ఉండాలి. అంటే తొమ్మిదో గ్రేడ్ ఇంగ్లిష్ కూడా అందులో భాగమే. ఆ కోర్సుల్లో 'సి'కి తగ్గితే దాన్ని మళ్ళీ చదవడమో, మరోలా భర్తీ చేసుకోవడమో తప్పదు. దరఖాస్తులో తొమ్మిదో గ్రేడ్ కోర్సులనూ వాటి గ్రేడ్లనూ విద్యార్థి తన చేత్తోనే నింపాలి. జీపీఏలో కలపకపోవడం వేరు, చూడకపోవడం వేరు. ఈ రెండిటి మధ్య తేడా తెలియక ఎన్ని ఇళ్ళలో ఒక ఏడాది చదువు గాలికి పోయిందో తలచుకుంటే బాధేస్తుంది.

పైగా కాలిఫోర్నియా పిల్లలైనా ఒక్క యూసీకే దరఖాస్తు పెట్టి కూర్చోరు. బయటి రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకూ ప్రైవేటు కాలేజీలకూ పెడతారు. అక్కడికి బడి నుంచి వెళ్ళే ట్రాన్‌స్క్రిప్ట్ తొమ్మిదో గ్రేడ్‌తోనే మొదలవుతుంది. దాని మీద రాసే జీపీఏ కూడా ఎక్కువ బడుల్లో తొమ్మిదిని కలిపి కట్టినదే.

కాగితం మీద లెక్క వేసి చూడండి. కాలేజీ దరఖాస్తులు ఎక్కువగా పన్నెండో గ్రేడ్ నవంబరు నుంచి జనవరి మొదటి రోజుల్లోపు వెళ్ళిపోతాయి. అప్పటికి ట్రాన్‌స్క్రిప్ట్ మీద పూర్తయి కనిపించే సెమిస్టర్లు ఆరే. అందులో రెండు తొమ్మిదో గ్రేడ్‌వి. నాలుగేళ్ళలో ఒక ఏడాదే కదా అని మనం తీసిపారేసేది నిజానికి మూడో వంతు. తొమ్మిదిలో సగటు 3.0 వచ్చిన పిల్ల ఆ తర్వాత రెండేళ్ళూ ఒక్క 'బి' కూడా లేకుండా అన్నిటా 'ఎ' తెచ్చుకుందనుకుందాం. క్లాసుల సంఖ్య ఏటా సమానమైతే దరఖాస్తు నాటికి ఆమె జీపీఏ 3.67. అంత కష్టపడినా 3.7 దాటలేదు.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళు ఈ పుకారును అసలు గుమ్మంలోకే రానివ్వకూడదు. క్లాసులో పై 10 శాతంలో ఉన్నవాళ్ళకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశమిచ్చే చట్టం అక్కడ 1997లో వచ్చింది. యూటీ ఆస్టిన్ మాత్రం ఆ హద్దును తగ్గించుకుంటూ వచ్చింది. కొన్నేళ్ళు 6 శాతంగా ఉంచి, 2026 ఫాల్ ప్రవేశాల నుంచి 5 శాతం చేసింది. 600 మంది ఉన్న క్లాసులో 6 శాతమంటే 36 మంది, 5 శాతమంటే 30 మంది. తెలుగు పిల్లలు గుంపుగా చదివే పెద్ద బడుల్లో ముప్పయ్యో ర్యాంకుకూ నలభయ్యో ర్యాంకుకూ మధ్య తేడా దశాంశ బిందువు తర్వాతే ఉంటుంది. ఆ ర్యాంకులో తొమ్మిదో గ్రేడ్ మార్కులు ఉంటాయి. కొన్ని డిస్ట్రిక్టుల్లో మిడిల్ స్కూల్లో హైస్కూల్ క్రెడిట్‌కి చదివిన ఆల్జీబ్రా కూడా కలుస్తుంది. అలాంటి చోట తొమ్మిది లెక్కలోకి రాకపోవడం అటుంచి, లెక్క ఎనిమిదిలోనే మొదలైపోయింది. ఇంకో మాట: ఆ 5 శాతంలో పడినా విశ్వవిద్యాలయంలో చోటుకే హామీ, కంప్యూటర్ సైన్స్‌లో చోటుకు కాదు.

అదే రాష్ట్రంలో ఒక సబ్జెక్టులో 70కి తగ్గితే పోటీలకూ ఆటలకూ దూరంగా ఉంచే నియమం 1984 నుంచీ ఉంది. కొన్ని ఆనర్స్, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసులకు మినహాయింపు ఉండొచ్చు గానీ తొమ్మిదో గ్రేడ్‌కి లేదు. మార్చింగ్ బ్యాండ్‌లో ఎంతో ఇష్టంగా చేరిన పిల్ల ఎందుకు ఇంట్లో కూర్చుందో అప్పుడు వాయిస్ మెసేజ్ పంపినవాళ్ళు వచ్చి చెప్పరు.

ఈ పుకారు మనవాళ్ళ దగ్గర ఇంత తేలిగ్గా పాతుకుపోవడానికి కారణం ఉంది. ఇప్పుడు పిల్లల్ని హైస్కూల్‌కి పంపుతున్న తల్లిదండ్రుల్లో చాలామంది టెన్త్ పబ్లిక్ పరీక్ష, ఇంటర్, ఎంసెట్ దాటుకుని వచ్చినవాళ్ళు. ఎనిమిది, తొమ్మిది తరగతుల మార్కులు మనల్ని ఎవరూ అడగలేదు. టెన్త్‌లో 600కి ఎన్ని, ఎంసెట్‌లో ర్యాంకెంత, అంతే. చివరి మూడు నెలలు గదిలో కూర్చుని చదివి గట్టెక్కినవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఆ అనుభవంతోనే "అసలు సమయం వచ్చినప్పుడు వాడే చదువుతాడు" అంటారు. అమెరికా హైస్కూల్లో ఆ 'అసలు సమయం' అంటూ విడిగా ఒకటి లేదు. ఎస్ఏటీని ఎంసెట్‌లా చూడటం ఆ భ్రమకే మరో రూపం. యూసీ అయితే ఎస్ఏటీ స్కోరును ప్రవేశానికి చూడటమే మానేసింది.

అమెరికా హైస్కూల్లో గ్రేడ్ కట్టే తీరు చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. హోంవర్క్, క్విజ్, ల్యాబ్, ప్రాజెక్ట్, యూనిట్ టెస్ట్, అన్నీ ఏ వారానికావారం కలుస్తుంటాయి. ఫైనల్ పరీక్షకు చాలాచోట్ల చిన్న వాటానే. తెలివైన పిల్లల్ని ముంచేది తప్పు జవాబులు కావు, ఇవ్వని పనులు. సమాన విలువున్న అయిదు పనుల్లో నాలుగింటికి 95 చొప్పున వచ్చి, అయిదోది ఇవ్వకపోతే సగటు 76. సబ్జెక్టు రాని పిల్లవాడికి వచ్చే మార్కులవి. ఇది తెలియని తండ్రి "లెక్కలు నీకు రావా?" అని ట్యూషన్ పెట్టిస్తాడు. పిల్లవాడికి లెక్కలు వచ్చు. అతనికి రానిది ఏడు క్లాసుల గడువులు ఒకేసారి గుర్తుంచుకోవడం. ఎనిమిదో గ్రేడ్ దాకా టీచర్లు వెంటపడి అడిగారు, హైస్కూల్లో అంతగా అడగరు.

తొమ్మిది తర్వాత పదికి వెళ్ళే దారి కూడా తొమ్మిదిలోనే తెరుచుకోవాలి. ఆనర్స్ కెమిస్ట్రీలోకో ఏపీ క్లాసులోకో రావాలంటే అంతకుముందు కోర్సులో ఇంత గ్రేడ్ ఉండాలని, టీచర్ సిఫారసు కావాలని చాలా బడులు అడుగుతాయి. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు అక్కడి ప్రభుత్వ బడుల పిల్లల మీద 2005లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిదో గ్రేడ్ చివరికి సరైన దారిలో ఉన్న పిల్లలు నాలుగేళ్ళలో హైస్కూల్ పూర్తిచేసే అవకాశం మిగతావాళ్ళకన్నా మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. మన పిల్లలు హైస్కూల్ దాటడం కష్టమని ఎవరూ అనడం లేదు. కానీ ఆ బడులు అప్పటి నుంచి తొమ్మిదో గ్రేడ్ పిల్లల్నే ముందు కనిపెట్టి చూస్తున్నాయంటే అందులో అర్థముంది.

మిగతా పుకార్లకు ఇంత చోటు అక్కర్లేదు. తొమ్మిదిలోనే మూడు నాలుగు ఏపీలు ఉండాలంటారు. చాలా బడులు ఆ ఏడాది ఒకటి రెండు మించి ఇవ్వనే ఇవ్వవు, కాలేజీలు చూసేది ఆ బడిలో దొరికినవాటిలో పిల్లవాడు ఏం ఎంచుకున్నాడని. తొమ్మిదిలోనే పీఎస్ఏటీకి కోచింగ్ అంటారు. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి లెక్కలోకి వచ్చేది పదకొండో గ్రేడ్‌లో రాసినదే. సొంతంగా ఒక నాన్‌ప్రాఫిట్ పెట్టించాలంటారు; ఏ కాలేజీ అడగలేదు, అమ్మానాన్నలు నడిపే సంస్థ ఎవరిదో చదివేవాళ్ళకు తెలిసిపోతుంది. రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటేనే చదువుతున్నట్టు అంటారు. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, హైస్కూళ్ళు ఉదయం 8:30కన్నా ముందు మొదలుకాకూడదని కాలిఫోర్నియా చట్టమే చేసింది.

ఇండియా నుంచి ఈమధ్యే వచ్చినవాళ్ళను భయపెట్టే పుకారు ఒకటుంది. బడిలో చేర్చేటప్పుడు నింపే హోమ్ లాంగ్వేజ్ సర్వేలో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాస్తే పిల్లను తక్కువ క్లాసులో పడేస్తారట. ఆ సర్వే వల్ల జరిగేది ఇంగ్లిష్ పరీక్ష ఒకటి పెట్టడం మాత్రమే. బాగా వచ్చిన పిల్లను ఎక్కడా పడేయరు. రానివాళ్ళకు సాయం చేయడం బడి బాధ్యతని 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో సుప్రీం కోర్టే చెప్పింది. అబద్ధం రాసి ఆ సాయాన్ని చేతులారా వదులుకోవద్దు.

ఒక మాట మాత్రం మనసొప్పకపోయినా ఒప్పుకోవాలి. లెక్కల దారి మిడిల్ స్కూల్లోనే సగం తేలిపోతుందని మనవాళ్ళు పడే ఆందోళనలో నిజముంది. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్ అనే వరసలో పన్నెండో గ్రేడ్‌కి కాలిక్యులస్ అందాలంటే ఆల్జీబ్రా 1 ఎనిమిదిలో అయిపోవాలి. ఇంజనీరింగ్ వైపు చూసే పిల్లకు అది లేకపోవడం కొరతే. పన్నెండేళ్ళ వయసులో ఎవరో పెట్టిన లెక్కల ప్లేస్‌మెంట్ పరీక్ష అంత దూరం వెంటాడటం అన్యాయమని నా అభిప్రాయం, అయినా ఉన్నది అదే. దానికి మార్గాలున్నాయి: జామెట్రీ, ఆల్జీబ్రా 2 ఒకే ఏడాది చదవొచ్చు, వేసవిలో ఒక కోర్సు పూర్తిచేయొచ్చు. పక్కింటి పిల్లవాడు రెండేళ్ళు ముందున్నాడని, ఆల్జీబ్రా సరిగా రాని పిల్లతో ఆరు వారాల్లో జామెట్రీ ముగించడం మాత్రం చేయొద్దు. ఆ ఖాళీ ప్రీకాలిక్యులస్‌లో బయటపడుతుంది.

మరి బడులు తెరిచేలోపు ఏం చేయాలి? కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. అమెరికాలో ఒక కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలుంటే సరిపోతుందని వాళ్ళ వృత్తి సంఘం సూచన. చాలా బడుల్లో అంతకంటే ఎక్కువే ఉంటారు. కాబట్టి వాళ్ళు పిలుస్తారని ఎదురుచూడకండి. మీ డిస్ట్రిక్ట్‌లో జీపీఏ ఏ కోర్సు నుంచి మొదలవుతుంది, ర్యాంకు కడతారా, ఆనర్స్ నుంచి మామూలు క్లాసుకి మారడానికి చివరి తేదీ ఏది, ఆలస్యంగా ఇచ్చిన పనికి ఎంత కోత, టెస్ట్ మళ్ళీ రాయనిస్తారా అని అడగండి. టెక్సస్‌లో అయితే తొమ్మిదిలోకి వచ్చేటప్పుడే ఎంచుకునే ఎండార్స్‌మెంట్ (చదువు దారి) ఏమిటో చదవకుండా సంతకం పెట్టకండి. ఈ ప్రశ్నలకు బంధువుల దగ్గర జవాబు లేదు, ఎందుకంటే పక్క డిస్ట్రిక్ట్‌లోనే జవాబు మారిపోతుంది.

బడి గ్రేడ్లు చూపించే పోర్టల్‌ని గంటగంటకూ చూస్తూ ఆఫీసు నుంచి పిల్లలకు మెసేజ్‌లు పెట్టకండి. ఆదివారం సాయంత్రం పిల్లతో కలిసి కూర్చుని, ఇవ్వనివి ఏమున్నాయో ఒక్కటే చూడండి. మార్కు గురించి టీచర్‌కి రాయాల్సి వస్తే పిల్లవాడే రాయాలి. మొదటి ఈమెయిల్ తప్పులతో ఉంటుంది, ఉండనివ్వండి.

ఇప్పటికే ఆ పుకారు నమ్మి తొమ్మిది పాడుచేసుకున్న పిల్లలున్న ఇళ్ళకు ఒక మాట. ఆ గ్రేడ్లు చెరిగిపోవు, కానీ దరఖాస్తు చదివేవాళ్ళు ఏటేటా పైకి వెళ్ళే గీతను గమనిస్తారు. తప్పిన కోర్సును వేసవిలో మళ్ళీ చదవనిస్తారేమో అడగండి, కొన్ని డిస్ట్రిక్టులు పాత గ్రేడ్ స్థానంలో కొత్తది వేస్తాయి, కొన్ని రెండూ ఉంచుతాయి. పదో గ్రేడ్‌లో క్లాసులు ఎక్కువ పెట్టి ఒక్కసారిగా సరిదిద్దాలని చూడకండి; పిల్ల నిలబెట్టుకోగల క్లాసులు పెట్టండి. 'లెక్కలేదు' అన్నది మనమే అయితే, ఆ సంగతి పిల్లకు ముందు మనమే చెప్పాలి. ఆ తర్వాతే ట్రాన్‌స్క్రిప్ట్ తీసి మాట్లాడండి.