ముందు ఆగకూడనివి తేల్చుకోండి, తర్వాతే జనరేటర్

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలితో బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందటేడు ఏప్రిల్‌లో గాలీ లేదు, వానా లేదు, ఉన్నదల్లా కరెంటు కొరత. రాష్ట్రంలో పరిశ్రమలకు మొదట రెండు వారాల పవర్ హాలిడే ప్రకటించారు. నిరంతరం నడిచే పరిశ్రమలు వాడకాన్ని సగానికి తగ్గించాలన్నారు. మిగతావాటికి వారపు సెలవుతో పాటు మరో రోజు మూత పడింది. అద్దంకిలో కొట్టు పెట్టినా, మిల్లు పెట్టినా తుపాను తెచ్చే కోతకూ, కొరత తెచ్చే కోతకూ సిద్ధపడాలి.

మందుల షాపు లెక్క

ఇన్సులిన్, టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. నష్టాలు పోగా చేతికందేది సుమారు 1,250. ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు, బిల్లింగ్ కంప్యూటర్ కలిపి 350 వాట్లు లాగితే మూడున్నర గంటల్లో బ్యాటరీ ఖాళీ. అదే బ్యాటరీకి ఫ్రిజ్ ఒక్కటే ఉంచితే, అది ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి సగటున 80 వాట్లు అనుకున్నా, 12 గంటలు దాటి వస్తుంది. రూపాయి ఖర్చు లేకుండా మూడు రెట్లకు మించిన సమయం!

కారం మిల్లు లెక్క

10 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు సుమారు 8.5 కిలోవాట్లు, అంటే 10 కేవీఏ తీసుకుంటుంది. నేరుగా స్టార్ట్ చేస్తే మొదటి క్షణాల్లో అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. స్టార్-డెల్టా స్టార్టర్ ఉంటే అందులో మూడో వంతు చాలు. అందుకే 10 కేవీఏ జనరేటర్ సరిపోదు, 25 కేవీఏ కావాలి.

ఎనిమిది గంటలు ఆడిస్తే 68 యూనిట్లు. లీటరు డీజిల్‌కు 3 యూనిట్లు వస్తాయనుకుంటే 23 లీటర్లు. లీటరు 97 రూపాయలనుకుంటే రోజుకు 2,200 రూపాయల పైమాటే, యూనిట్‌కు 32 రూపాయలు. ఆ రోజు ఆడించిన కారానికి వచ్చే కూలి ఈ ఖర్చును దాటకపోతే మిల్లు ఆపడమే లాభం. బాగా ఎండిన మిరపకాయ తేమ తగలకుండా ఉంటే నాలుగు రోజులు ఆగుతుంది. ఇన్సులిన్ ఆగదు.

ప్రాణాల లెక్క

జనరేటర్‌ను గదిలో నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది ప్రాణం తీస్తుంది. చేంజోవర్ స్విచ్ లేకుండా కలిపితే మీ కరెంటు లైన్‌లోకి ఎదురెక్కి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌ను బలిగొంటుంది. ఇక డాబా మీద సోలార్ ఉంది కదా అనుకునేవాళ్లకు ఒక మాట: బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సోలార్, లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్‌మన్ భద్రత కోసమే అలా తయారుచేస్తారు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. కాగితం మీద మూడు గడులు గీసి, ఆగకూడనివి, నాలుగు గంటలు ఆగగలవి, నాలుగు రోజులు ఆగగలవి విడివిడిగా రాయండి. తర్వాత మెయిన్ ఆపి, రెండు గంటలు వ్యాపారం నడిపి చూడండి. మొదటి గడిలో ఉన్నవాటి వాట్లు కూడి, ఆ లెక్కకు తగ్గ బ్యాటరీయో జనరేటరో కొనండి. డిసెంబరు తుపానుకూ ఏప్రిల్ కోతకూ మీ డబ్బు వృథా కాని ఏర్పాటు అదే.