ఆ శాతం చెప్పనిది

పది చెక్క బిళ్లలు, వాటికి సరిపడే గుంటలున్న ఒక పలక. సెగ్విన్ ఫారమ్ బోర్డు అంటే ఇంతే. పిల్లల బుద్ధి ఎదుగుదలను పరీక్షించే చోట మన దేశంలో చాలాకాలంగా వాడుతున్న సాధనమిది. నక్షత్రం బిళ్ల నక్షత్రపు గుంటలోకి, చతురస్రం తన గుంటలోకి ఎంత త్వరగా చేరాయో చూసి మానసిక వయసు అంచనా వేస్తారు. ఇలాంటి పరీక్షలన్నీ చివరికి వైకల్య ధ్రువపత్రంలో ఒక శాతంగా మిగులుతాయి. అది 40కి తగ్గకపోతే పింఛనుకు అర్హత. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పింఛను నెలకు 6 వేల రూపాయలు. శ్రీకాకుళం జిల్లా సోంపేట, కంచిలి, కవిటి పల్లెల్లో కూలి మీద బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. కనుక ఆ శాతం ఉండాల్సిందే. అయితే సర్కారు సాయానికి దారి చూపే ఆ అంకె, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే భవిత కేంద్రంలో టీచరు ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో మాత్రం చెప్పదు. జన్యు కారణాలతో మెదడు ఎదుగుదల దెబ్బతిన్న పిల్లల్లో శక్తులన్నీ ఒకే కొలతన తగ్గవు. ఆకారం, దిక్కు, దూరం పోల్చుకునే శక్తిని చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది.

విలియమ్స్ సిండ్రోమ్ సంగతే చూడండి. 7వ క్రోమోజోమ్‌లో పాతిక పైచిలుకు జన్యువులున్న చిన్న తునక పోవడంతో వస్తుంది. నార్వేలో లెక్కగడితే సుమారు 7,500 జననాలకు ఒకటి తేలింది. ఈ పిల్లలు గలగలా మాట్లాడతారు, ముఖాలు చక్కగా గుర్తుపడతారు. నాలుగు దిమ్మెలతో ఒక నమూనా పేర్చమంటే మాత్రం తడబడతారు. అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉర్సులా బెలూగీ చేయించిన ఒక పని ప్రసిద్ధం. చిన్న చిన్న ‘వై’ అక్షరాలతో కూర్చిన పెద్ద ‘డి’ బొమ్మను చూపి గీయమన్నారు. విలియమ్స్ పిల్లలు కాగితం నిండా ‘వై’లు చల్లారు, ‘డి’ ఆకారం రాలేదు. డౌన్ సిండ్రోమ్ పిల్లలు పెద్ద ‘డి’ గీశారు, లోపలి ‘వై’లు పోయాయి. రెండు జట్లకూ వయసు, ఐక్యూ దాదాపు సమానం. అంటే ధ్రువపత్రం మీద ఇద్దరికీ ఒకే శాతం పడొచ్చు; ఒకరికి చెట్లు కనిపించి తోట కనిపించలేదు, మరొకరికి తోటే కనిపించింది. ఒక క్రోమోజోమ్ పూర్తిగానో కొంతో లోపించే టర్నర్ సిండ్రోమ్ ఆడపిల్లల్లో తెలివి చాలామందికి మామూలుగానే ఉంటుంది, మాటకు లోటుండదు. కానీ బొమ్మను మనసులో తిప్పి చూడటం, లెక్కలు కష్టమవుతాయి. వీళ్లను ఆ శాతం అసలు పట్టుకోనే పట్టుకోదు.

బల్ల మీద కనిపించే ఈ తేడా వీధిలోకి వచ్చేసరికి ఇంకో రూపం తీసుకుంటుంది. ఈ పల్లెలున్న ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ సాగే బాటలు కొత్తవాళ్లకు ఒకేలా ఉంటాయి. విలియమ్స్ ఉన్నవాళ్లు ఒక దారి నేర్చుకోగలరు, కానీ రెండు దారులను కలిపి అడ్డదారి ఊహించడం చాలామందికి కష్టమని బ్రిటన్‌లో ఎమిలీ ఫారన్ బృందం పరిశోధనలు చూపాయి. దారిలోని గుర్తులను మాటల్లో చెబుతూ నడిపిస్తే మేలు కలిగింది. ‘రామమందిరం దాటాక కుడికి, బోరింగు దగ్గర ఎడమకు’ అని పాఠంలా అప్పజెప్పిస్తే మాట బలం దారికి అక్కరకొస్తుంది. డౌన్ సిండ్రోమ్ బిడ్డకు అదే వాక్యం బరువు. విన్నది నిలుపుకోవడం కన్నా చూసింది నిలుపుకోవడం వాళ్లకు తేలిక. గుర్తుల ఫొటోలు చూపి, పదేపదే నడిపించాలి. ఏ బిడ్డకైనా ఆ గుర్తులు నిలిచి ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. అలాంటి ఉపద్రవం తర్వాత గుర్తుల మీద ఆధారపడే బిడ్డకు తెలిసిన దారిని మళ్లీ మొదటి నుంచి నేర్పాలి.

ఉద్దానంలో, కిడ్నీ జబ్బుతో ఇళ్లకు ఇళ్లు కుంగిపోతున్న చోట, ఇంత సూక్ష్మం ఎవరికి కావాలని అడగొచ్చు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో గానీ మొదలవలేదు. ఆ బాధ ముందు ఇది చిన్నదనిపించవచ్చు. కానీ తండ్రి డయాలసిస్‌కు, తల్లి జీడి బట్టీకి వెళ్లే ఇంట్లోనే బిడ్డ ఒంటరిగా బడికీ కొట్టుకీ వెళ్లిరాగలగడం అత్యవసరం. బిడ్డ బలమేదో గమనించడానికి ఖర్చూ లేదు: కాగితం, పెన్సిలు, నాలుగు దిమ్మెలు, ఒక పూట నడక చాలు. జన్యుపరీక్ష లేకుండా ఇవేం తెలుస్తాయంటారా? నేర్పే పద్ధతి ఎంచుకోవడానికి గమనింపు చాలు. జబ్బు పేరు తెలియడం మాత్రం వైద్యానికి అవసరం, విలియమ్స్‌లో గుండె నుంచి బయలుదేరే రక్తనాళాలు తరచూ ఇరుకవుతాయి కనుక. ఒక మాట ఇక్కడే చెప్పాలి: విలియమ్స్, డౌన్ ఎక్కువగా ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతాయి. మేనరికాన్నీ తల్లినీ నిందించే అలవాటు వీటి విషయంలో అన్యాయం.

పేరు పెట్టాక బిడ్డను ఆ మూసలో బిగిస్తారన్న అభ్యంతరానికి నేను ఎక్కువ విలువిస్తాను. ఒకే సిండ్రోమ్‌లోనూ మనిషికీ మనిషికీ తేడా ఎంతో. పైగా ఒక బలం కనిపించగానే దాని వెంట పడితే అదీ ప్రమాదమే. ప్రేడర్-విల్లీ అనే మరో జన్యు సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో పలువురు జిగ్సా ముక్కలు కలపడంలో తమ ఈడు మామూలు పిల్లల్ని మించిపోయారని పరిశోధకురాలు ఎలిజబెత్ డైకెన్స్ 2002లో ప్రచురించారు. పలాసలో జీడిపప్పు గ్రేడింగ్‌కు కావాల్సింది ఆకారాలు పట్టే అలాంటి చూపేననిపిస్తుంది: గుండు, బద్ద, ముక్క వేరుచేయాలి, గుండ్లను మళ్లీ సైజుల వారీగా విడదీయాలి. కానీ ఎంత తిన్నా ఆకలి తీరకపోవడం ఆ సిండ్రోమ్ ప్రధాన లక్షణం. పప్పు రాశుల ముందు అలాంటివాళ్లను కూర్చోబెట్టడం హింస. ఆ చూపు అక్కరకొచ్చే పని తిండి అందని చోట వెతకాలి; హార్డ్‌వేర్ కొట్లో మరలు, నట్లు సైజుల వారీగా వేరుచేసే పని లాంటిది.