గ్రీకు తత్త్వజ్ఞులును మానవాభివృద్ధియును

పూర్వులకంటె మనము మిక్కిలి ముందునకు వచ్చితిమను మాట తఱచుగ వినబడుచుండును. ఇది యెంతవఱకు నిజమో తెలిసికొనుటకు ప్రాచీన గ్రీకు తత్త్వజ్ఞులనే సాక్షులుగ బిలిచి విచారింతము.

క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దమున పుట్టిన డెమోక్రిటసు, సకల పదార్థములును కంటికి గానరాని పరమాణువులచే నేర్పడినవనియు, వానిని విభజింప వీలులేదనియు బోధించెను. బరువైన వస్తువు తేలికవస్తువుకంటె బరువునుబట్టి త్వరగా క్రిందబడునని అరిస్టాటిలు (క్రీ. పూ. 384–322) చెప్పెను. పండితులు పెక్కు శతాబ్దములు దానిని నమ్మిరి. తుదకు గెలీలియో ఆ మాట తప్పని చూపెను. నేడు మన పాఠశాలలోని బాలుడుకూడ ఈ విషయమున అరిస్టాటిలుకంటె నెక్కువ యెఱుగును. అంతమాత్రమున నాతనికంటె బుద్ధిమంతుడు కాడు. తాతలు కూడబెట్టిన ధనమునకు వారసుడైనాడు, అంతియే.

ఇక సోక్రటీసు సంగతి చూతము. న్యాయమన నేమి, ధైర్యమన నేమి యని అంగడివీధులలో జనులను ప్రశ్నించుట యాయన పని. యువకులను చెఱచుచున్నాడనియు, నగరదేవతలను గౌరవింపడనియు నేరము మోపి, క్రీ. పూ. 399లో ఏథెన్సు న్యాయసభ డెబ్బదియేండ్ల యా వృద్ధునకు మరణదండన విధించెను. చెఱసాలనుండి తప్పించెదనని మిత్రుడగు క్రిటో వేడుకొనగా, అపకారమునకు ప్రత్యపకారము చేయుట తగదని చెప్పి, ఆయన విషమునే త్రావెను. పైథాగరసు సిద్ధాంతమును ఒక్క దినమున నేర్వవచ్చును. సోక్రటీసు ధైర్యమును పుస్తకమునుండి యప్పగించుట యెవరితరము?

అట్లయిన ధర్మవిషయమున మానవజాతి ముందునకు పోనేలేదా? పోయినది. కొందఱు స్వభావముచేతనే బానిసలని అరిస్టాటిలంతటి జ్ఞాని సమర్థించెను. బ్రిటిషు పార్లమెంటు 1833లో తన సామ్రాజ్యమున చాల భాగమునందును, అమెరికా సంయుక్తరాష్ట్రములు 1865లోను బానిసత్వమును చట్టముచే రద్దుచేసెను. ఇందు మన మాతనిని దాటితిమి.

కాని మఱియొక వైపు చూడుడు. 1938లో బెర్లిను నగరమున ఆటో హాన్, స్ట్రాస్‌మాన్ అనువారు జరిపిన పరిశోధనచే యురేనియము పరమాణువు రెండుగ చీలునని తెలియవచ్చెను. ఏడేండ్లు నిండకమునుపే, 1945 ఆగష్టు 6న, ఆటంబాంబుచే హిరోషిమా నగరము ధ్వంసమయ్యెను. డెమోక్రిటసు చీల్చరాదనిన పరమాణువును చీల్చు నేర్పు మనకు లభించినది. ఆ నేర్పు నెందులకు వినియోగింపవలయునను ప్రశ్న మాత్రము సోక్రటీసు విడిచినచోటనే నిలిచియున్నది.

కావున, సోదర విద్యార్థులారా, విద్య వారసత్వముగ వచ్చును, శీలము రాదు. మంచి చట్టముసైతము ప్రతి తరమును దానిని కాపాడినప్పుడే నిలుచును. పరీక్షలో జవాబులు వ్రాయునపుడు మనము పూర్వులకంటె అధికులము. పొరుగువానియెడ న్యాయముగ నడచుకొనుటయందు మాత్రము ప్రతి మనుష్యుడును మొదటి తరగతిలోనే చేరవలసియున్నది.