శుభలేఖకు రెండు రంగులు, ఐదు ప్లేట్లు

మన సంఘం సంచికలైనా, ఇంట్లో పెళ్ళి శుభలేఖలైనా ఇప్పుడు చాలావరకు మన పిల్లలే కంప్యూటరు మీద తయారుచేసి ప్రెస్సుకు పంపుతున్నారు. సంతోషమే. అయితే తెర మీద కనిపించే రంగు వేరు, కాగితం మీద పడే సిరా వేరు. నేను బ్యాంకు ఉద్యోగిని, అచ్చుపని నా వృత్తి కాదు. ఖర్చు ఎక్కడ పెరిగిందో వెతికే అలవాటు కొద్దీ ఈ సంగతులు తెలుసుకున్నాను.

ఆఫ్‌సెట్‌లో మామూలు రంగుల బొమ్మ నాలుగు సిరాల చుక్కలతో వస్తుంది: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. ఒక్కో సిరాకు ఒక్కో ప్లేటు. స్పాట్ కలర్ అలా కాదు. కావలసిన రంగును ముందే సిరాగా కలిపి, ఒకే ప్లేటుతో అచ్చువేస్తారు. ఇందుకోసం 1963లో ప్యాంటోన్ వారు రంగులకు నంబర్లు పెట్టారు. బంగారు రంగునే తీసుకోండి. నాలుగు సిరాలు ఎంత కలిపినా ఆవపిండి రంగు వస్తుంది గాని మెరుపు రాదు. మెరుపుకు వేరే సిరా కావలసిందే. మీ చెక్కు పుస్తకంలోనూ ఇలాంటివి ఉన్నాయి. అడుగున పట్టీలోని అంకెలు అయస్కాంత సిరాతో వేసినవి. సీటీఎస్-2010 చెక్కు మీద అల్ట్రావయొలెట్ దీపం కింద మాత్రమే కనిపించే బ్యాంకు గుర్తు ఇంకో సిరా.

మా మేనకోడలి పెళ్ళికి కుంకుమ ఎరుపు, బంగారు రంగు, రెండే అని మా బావగారు బేరం కుదుర్చుకున్నారు. ఫైలు పంపాక ప్రెస్సు నుంచి ఫోను: "సార్, ఐదు ప్లేట్లు పడతాయి." బావగారు మోసమన్నారు. మోసం కాదు. ఒకే ఎరుపు ఫైలులో రెండు పేర్లతో ఉంది, బంగారు రంగూ అంతే. యంత్రానికి పేరు మారితే సిరా మారినట్టే. 'ఆహ్వానించువారు' అన్న ఒక్క పంక్తి నలుపులో ఉండిపోయి ఐదోది అయింది. అక్రోబాట్ ప్రోలో 'అవుట్‌పుట్ ప్రివ్యూ' తెరిస్తే ఈ జాబితా అంతా కనిపిస్తుంది. మా మేనల్లుడు పేర్లు కలిపి, ఆ పంక్తిని ఎరుపుకు మార్చాడు. ప్లేట్లు రెండయ్యాయి. లేత ఎరుపు కావలసిన చోట కొత్త రంగు చేర్చకుండా, అదే ఎరుపును ముప్పై శాతానికి తగ్గించాడు. దానికి అదనపు ప్లేటు అక్కరలేదు. (నాలుగు మూలల పసుపు మాత్రం మా అక్కయ్య చేత్తోనే అద్దింది.)

మన లిపికి స్పాట్ కలర్ చేసే మేలు ఇంకొకటుంది. చిన్న అక్షరాలను నాలుగు సిరాల మిశ్రమంతో వేస్తే, కాగితం వెంట్రుకవాసి జరిగినా వత్తులూ గుడిదీర్ఘాలూ అలుక్కుపోతాయి. ఒకే సిరా అయితే ఆ బెడద లేదు.

మనవంటి ప్రవాసులకు అసలు చిక్కు ఫాంటు. హోసూరులోనో షోలాపూరులోనో ప్రెస్సులో తెలుగు ఫాంటు లేకపోతే, అక్షరాలు పిచ్చిగీతలైనా చెప్పేవారుండరు. అందుకని ఫైలు పంపేముందు అక్షరాలను కోరల్‌డ్రాలో 'కర్వ్స్'గా మార్చాలి. ఆ తర్వాత అక్షరదోషం దిద్దలేము గనుక, దిద్దే ప్రతిని వేరే పేరుతో దాచుకోండి.

నంబరు చెప్పేటప్పుడు కాగితం కూడా చెప్పాలి. అదే సిరా నున్నని ఆర్ట్ పేపరు మీద నిగనిగలాడుతుంది, మామూలు కాగితం పీల్చుకుని మందగిస్తుంది. నంబరు పక్కన సి, యు అక్షరాలు ఈ తేడాకే. 2022 నుంచి అడోబీ వారు ప్యాంటోన్ పుస్తకాలను చాలావరకు తీసేశారు. పాత ఫైళ్ళు తెరిస్తే కొన్ని రంగులు నల్లగా కనబడవచ్చు.

చివరికి ప్రూఫు వస్తుంది. రంగులు ప్రెస్సువారు చూస్తారు. పెళ్ళికొడుకు ఇంటిపేరు, ముహూర్తం, మండపం చిరునామా తెలుగు చదవగల ఇద్దరు మీ ఇంట్లోనే గట్టిగా చదివి, ఆ తర్వాతే సంతకం చేయండి.